పేరు లేని బోల్టులు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా చేతులతో నేను పెట్టిన బెల్టు, పట్టుకోవాల్సిన ఆ ఒక్క క్షణంలో పిల్లను వదిలేస్తదని.

పాముకు భయపడతా. కరెంటుకు భయపడతా. కాగితం పట్టుకుని ఎవరన్న ఇంటికొస్తే అది చదివేదాక భయపడతా. కానీ అవన్నీ ఎదురుగ కనిపించే భయాలు. బెల్టు అట్ల కాదు. క్లిక్ అని చప్పుడు చేస్తది, నేనున్న కదా అని మాటిస్తది. ఆ మాట నిజమా కాదా అన్నది సీటు కింద, మ్యాట్ కింద, ఎవరూ వంగి చూడని చోట ఉంటది.

నిన్న నేను అక్కడికే వంగి చూసిన. మా ఆయన సాయికుమార్ స్కూలు వ్యాన్ నడుపుతడు. మూసారాంబాగ్‌లో మొదలై దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాక పదకొండు మంది పిల్లలు. అందులో మా సాన్విక ఒకతె, ఒకటో తరగతి. ప్రతి పిల్లకూ బెల్టు ఉండాల్సిందేనని స్కూలువాళ్ళు పట్టుబడితే నెల కింద కొత్తయి బిగించినం. శుక్రవారం సాయంత్రం మూసారాంబాగ్ మెట్రో కింద ఒక బైకు అడ్డం వస్తే ఆయన గట్టిగ బ్రేక్ కొట్టిండు. ఎవరికీ ఏం కాలేదు. ఇంటికొచ్చి షూ విప్పుకుంట సాన్విక ఒక్క మాట అన్నది.

"బెల్టు కూడా నాతోని ముందుకొచ్చింది అమ్మా."

ఆయన చాయ్ తాగుతుంటే నేను వ్యాన్ ఎక్కి ఆమె సీటు కింద చెయ్యి పెట్టిన. బోల్టు నా వేళ్ళ మధ్యకు ఊడి వచ్చింది. మెడ దగ్గర వంగిపోయి ఉంది. అడుగున ఉండాల్సిన నట్టు లేదు.

ఆయనకు చెప్పలేదు. చెప్తే పొద్దున వ్యాన్ తియ్యడు. తియ్యకపోతే స్కూలువాళ్ళు ఇంకొక బండిని పిలుస్తరు. ఒక్కరోజు వచ్చిన బండి మళ్ళ పోదు, ఈ లైన్‌లో ఉన్నోళ్ళందరికీ తెలుసు. బిగించిన మనిషినే పోయి అడుగుదాం, ఆయనతోనే బాగు చేయించి తర్వాత మా ఆయనకు చెప్దాం అనుకున్న. ఇయ్యాల శనివారం, పిల్లలకు తుర్కయంజాల్ దగ్గర గ్రౌండ్‌లో ఆటల పోటీలు. పొద్దున ఏడున్నరకే వ్యాన్ కదిలింది. సాన్వికకు కడుపునొప్పి అని చెప్పి నేను ఇంట్లనే ఆపుకున్న. వ్యాన్ పోయేదాక బయటికి రాలేదు, షెడ్డు తెరిచే యాళ్ళకు, పదింటికి, బిడ్డను తీసుకుని షేర్ ఆటో ఎక్కిన. బోల్టు చేతిరుమాల్లో చుట్టి పట్టుకున్న. దారి పొడుగూత అది నా అరచేతిలో వేడెక్కుకుంట వచ్చింది.

*

లింగస్వామన్న షెడ్డు ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రింగ్‌రోడ్డు వైపు పోయే సందులో ఉంటది. సీట్లు కుట్టుడు, బెల్టులు బిగించుడు ఆయన పని. మా ఆయనది, ఆయనది నల్లగొండలో ఒకటే మండలం. ఆ నమ్మకంతోనే వ్యాన్ ఆయన దగ్గరికి పోయింది.

నేను పోయేసరికి ఒక ఆటో సీటుకు రెక్సిన్ గుంజి మేకులు కొడుతున్నడు.

"ఏం చెల్లె, ఇటు దిక్కొచ్చినవ్. సాయి ఏడి?"

పిల్లల పాణాలతోటి ఆటలాడుతున్నవా అన్నా, అని అడగాలని దారిలో పది సార్లు మనసులో చదువుకుని వచ్చిన. తీరా ఎదురుగ నిలబడినంక రుమాలు విప్పి బోల్టు ఆయన ముందర పెట్టిన.

ఆయన సుత్తి పక్కన పెట్టిండు. బోల్టు తీసుకుని తల మీద బొటనవేలితో రుద్దిండు, దుమ్ము కింద ఏమన్న ఉందేమోనని చూసినట్టు. ఏం లేదు. నున్నగ మెరిసింది.

"ఏ సీటుది?"

"మా బిడ్డది. డ్రైవర్ ఎనక వరసల, ఎడమ కిటికీ."

"ఊడిందా, ఊడదీసినవా?"

"చెయ్యి పెట్టంగనే వచ్చింది. నువ్వే బిగించినవ్ కదా అన్నా. ఇట్లనే బిగిస్తరా?"

నా గొంతు లేచింది. ఆయనది లేవలేదు.

"బిగించింది నేనే. కానీ గీ బోల్టు నా దుకాణంలది కాదు చెల్లె. మీ ఇంట్ల నుంచే వచ్చింది. సాయి కవర్ల పోసి తెచ్చిచ్చిండు, ఇరవై రెండు."

ఆ ఇరవై రెండు నాకు తెలుసు. తెచ్చింది నేనే.

"నువ్వు చెప్పినయే తెచ్చిన."

"నేనేం చెప్పిన్నో సాయి నీకేం చెప్పిండు?"

"బెల్టుల బోల్టులు, గీ సైజు అన్నడు. నమూనాకు తుప్పు పట్టిన పాతది ఒకటి ఇచ్చిండు, తల మీద ఏం కనపడలే."

"తల మీద నంబర్ ఉండాలె అని చెప్పలే?"

నాకు ఆ రోజు దుకాణం కళ్ళ ముందుకొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు ఎనక సందులో నట్టుబోల్టుల దుకాణం. గిరాకీ మస్తు ఉంది. దుకాణదారు నా ముందర రెండు కుప్పలు పోసిండు. ఒక కుప్ప నల్లగ, నూనె జిడ్డుతోని, తల మీద ఏవో రాతలు, ఎనిమిది చుక్క ఎనిమిది అని అంకెలు. ఇంకొకటి తెల్లగ, అద్దంలాగ, ఏ రాతా లేకుండ.

"ఈ నల్లయి వాడినయా?" అని అడిగిన.

"కొత్తయేనమ్మా."

"మరి రాతలెందుకు ఉన్నయి?"

"అట్లనే వస్తయి. నీకు తెల్లయి కావాల్నంటే తెల్లయి తీస్కో, సైజు ఒకటే," అని ఇంకొకరి దిక్కు తిరిగిండు.

నాకు చదువు తొమ్మిదో తరగతి దాకనే. కానీ రాతలున్న స్టీలు సంగతి నాకు అంతకన్న ముందే తెలుసు. మా ఊళ్ళె కొత్త గిన్నె కొంటే మొదలు పేరు కొట్టిస్తరు. రాత లేదంటే అది ఎవరిదీ కాదు, కొత్తది. రాత ఉందంటే అది ఒకరింట్లో తిరిగి వచ్చిందన్నట్టే. నాలుగో తరగతిలో మా అమ్మ నాకు ఒక టిఫిన్ డబ్బా ఇచ్చింది, ఎవరి దినాలకో పంచింది. మూత మీద చనిపోయినామె పేరు, కింద జ్ఞాపకార్థం అని. తరగతిలో ఒక పిల్ల దాన్ని పైకెత్తి అందరికీ చదివి వినిపించింది. సచ్చిపోయినామె డబ్బాల తింటుందిరా అని నవ్విన్రు. ఆ ఏడాది మొత్తం నేను మూత ఒళ్ళో బోర్లపెట్టుకుని తిన్న.

మా బిడ్డ బెల్టుకు ఇంకొకరు వాడి ఇచ్చిన బోల్టులెందుకు అనుకున్న. తెల్లయి, రాతలేనియి, గీత కూడా పడనియి ఏరి ఏరి ఇరవై రెండు తీసుకున్న. ఇంటికి తెచ్చి పొడిబట్టతో తుడిచిన కూడా.

ఇదంతా లింగస్వామన్నకు చెప్పిన. నవ్వుతడనుకున్న. నవ్వలేదు. లేచి, వంగినదాన్ని పక్కన పెట్టి, షెడ్డు మూలలో సొరుగు లాగి ఒక నల్ల బోల్టు తీసిండు.

"ఇగో చూడు. గీ అంకెలు దాని జాతి చెప్తయి. ఎంత గుంజితే తట్టుకుంటదో, ఎప్పుడు ఇరుగుతదో. చేసినోడు తన పేరు కూడా కొడతడు. పేరు కొట్టిండంటే రేపు ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సినోడు ఒకడున్నడని. పేరు లేనిదానికి ఎవడూ జవాబు చెప్పడు."

బల్లకున్న వైస్‌లో నల్లదాన్ని సగం దాక బిగించి సుత్తితోని కొట్టిండు. గంట కొట్టినట్టు మోగింది. మళ్ళ కొట్టిండు. అట్లనే నిలబడింది. దాన్ని తీసి, నేను తెచ్చినసుంటి తెల్లది ఒకటి సొరుగులోంచి తీసి పెట్టిండు. రెండో దెబ్బకే చప్పుడు మారింది. మూడో దెబ్బకు మెడ వాల్చింది.

"పైన పూత మెరుస్తది. లోపల మెత్తన. ఇవి అల్మరాలకు, గేట్లకు వాడేటియి చెల్లె. కదలకుండ ఉండేదానికి ఏం కాదు."

"బిడ్డ ఇరవై కిలోలు కూడా లేదన్నా. దానికి ఇంత..."

"కూచున్నప్పుడు ఇరవై కిలోలు. బండి పోయి దేనికన్న తాకితే గా బిడ్డనే నాలుగు బస్తాల బరువైతది. అదంతా గీ రెండు బోల్టుల మీద పడతది. నిన్న ఒట్టి బ్రేకుకే వంగిందంటే..."

వంగిన బోల్టు నా దిక్కు జరిపిండు. నేను పక్కనున్న ఆటో సీటు మీద కూచున్న. సాన్విక రెక్సిన్ ముక్కలు ఏరుకుని రంగుల వారీగా పెడుతున్నది.

"అన్నా, నీకు కనపడలేదా మరి? బిగించేటప్పుడు తల మీద నంబర్ లేదని చూడలేదా?"

ఆయన చేతులు తుడుచుకున్నడు. తుడుచుకున్నయే మళ్ళ తుడుచుకున్నడు.

"చూసిన."

"చూసి బిగించినవా?"

"సాయికి ఫోన్ చేసిన. ఇవి పనికిరావు, మార్చాలె అని చెప్పిన. పొద్దున స్కూలోళ్ళ చెకింగ్ ఉన్నదన్నా, ఇప్పటికైతే బిగియ్యి, ఆదివారం తెచ్చిస్త అన్నడు. నాలుగు ఆదివారాలైంది."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమైనంక ఇంకా అర్థం కాకుంటే బాగుండనిపించింది.

"ఆయనకు తెలుసా?"

"నీకు చెప్పొద్దన్నడు. నువ్వు ముచ్చటపడి ఏరి తెచ్చినవంట, తుడిచి ఇచ్చినవంట. చెప్తే నిద్ర పోదు, పరేషాన్ అయితది అన్నడు." మళ్ళ తనే, "నాది కూడా తప్పున్నది. నట్టుకు, రేకుకు నడుమ అరచెయ్యంత ఇనుప పలక ఏస్త నేను. లేకపోతే బోల్టు గట్టిదైనా రేకునే చింపుకుని పైకొస్తది. ఆ రోజు పలకలు అయిపోయినయి. వాషర్లు ఏసిన. ఎట్లయినా ఆదివారం అన్నీ మారుస్త కదా అనుకున్న."

నేను చేసిన తప్పు మా ఆయన దాచిండు, నేను భయపడతనని. ఊడిన బోల్టు నేను దాచిన, ఆయన భయపడతడని. నడుమ ఆ వ్యాన్ నెల రోజులు తిరిగింది.

లింగస్వామన్న అప్పుడు సాన్వికను చూసిండు.

"బిడ్డా, ఇయ్యాల అందరు ఆటలకు పోయిన్రంట కదా. నువ్వు పోలే?"

"కడుపు నొప్పి," అన్నది సాన్విక, రంగులు సర్దుకుంట. "నాకు లేదు. అమ్మ అట్ల చెప్పమన్నది."

ఆయన నా దిక్కు చూడలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. సుత్తి తీసి దాని జాగలో పెట్టి, మెల్లగ అడిగిండు.

"నీ బిడ్డను ఆపుకున్నవ్. మంచిగ చేసినవ్. మరి కడమ పది మంది?"

ఆ ప్రశ్న పొద్దున్నుంచి నా లోపల ఉంది. దాన్ని నేను ఒక్కసారి కూడా పైకి రానియ్యలేదు. కడమ సీట్లవి గట్టిగనే ఉన్నయి, నిన్న అన్నీ లాగి చూసిన, అని చెప్పుకున్న. నా చెయ్యి లాగితే రాలేదని, అంతే. నా చేతికి ఎంత బలముంటది.

"ఆ సీటు బెల్టు ఎట్ల ఉంది ఇప్పుడు?"

"వేలాడుతుంటే ఆయనకు కనపడతదని..." సాన్విక కాళ్ళ దిక్కు చూసిన. "సాన్విక షూ లేసుతోని సీటు కాలుకు ముడేసిన."

"అంటే పెట్టుకుంటే పడతది."

"పడతది."

"క్లిక్ అంటది."

"అంటది. కానీ ఆ సీట్లో ఎవరూ కూచోరన్నా. ఎవరి సీటు వాళ్ళదే. ఆయన పేర్లు రాసి అంటించిండు."

ఆయన జవాబు ఇచ్చేలోపలే నా ఫోన్ మోగింది. సింధూరక్క. మా పై ఇంట్లో ఉంటరు, రాజమండ్రి దిక్కు వాళ్ళు. వాళ్ళాయన కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తడు. వాళ్ళ బాబు అభిరామ్ రెండో తరగతి, మా వ్యాన్‌లోనే పోతడు.

"రమ్యా, ఎక్కడున్నావ్? సాన్వికకి కడుపునొప్పి తగ్గిందా? మిరియాల చారు పెట్టానమ్మా, కిందికి వస్తే తలుపు తాళం వేసుంది."

"బయటికొచ్చిన అక్కా."

"హాస్పిటల్‌కా? అంత ఎక్కువైందా? నాతో చెప్తే మా ఆయన కారులో దింపేవారు కదా. ఎప్పుడూ ఇంతే నువ్వు, ఏదీ చెప్పవు." ఆమె గొంతులో నిజమైన కోపం, ప్రేమతో వచ్చే కోపం. "సర్లే, జాగ్రత్త. మావాడైతే ఒక పక్క సాన్విక రాలేదని బెంగ, ఇంకో పక్క ఒకటే సంబరం. కిటికీ సీటు కోసం ఎన్నాళ్ళ నుంచి ప్రాణం తీస్తున్నాడో. ఈ ఒక్కరోజు కూర్చోనివ్వండి అంకుల్ అని సాయికుమార్ గారిని బతిమాలి మరీ కూర్చున్నాడు. గేటు దగ్గర ఫోటో తీశాను, పంపిస్తానుండు. దొరబాబులా ఉన్నాడు."

నేను ఊ అన్ననో లేదో గుర్తు లేదు. ఫోన్ టింగ్ అన్నది.

ఫోటోలో అభిరామ్ నవ్వుతున్నడు. ముందు పళ్ళు రెండు లేవు. నీలం టోపీ, ఆటల బనీను. బెల్టు నడుముకు అడ్డంగ బుద్ధిగ పెట్టుకున్నడు. రెండు చేతులూ బెల్టు మీద పెట్టి చూపిస్తున్నడు, చూడు నేను పెట్టుకున్న అని. బెల్టు ఎటు పోయిందో వేలితో పెద్దగ చేసి చూసిన. సీటు కాలు దగ్గర తెల్ల లేసు. నేను వేసిన ముడి.

లింగస్వామన్న నా భుజం మీద నుంచి చూసిండు. సొరుగులో చెయ్యి పెట్టి అంకెలున్న బోల్టులు గుప్పెడు తీసి జేబులో పోసుకున్నడు. అరచెయ్యంత పలకలు, పానాలు సంచిలో ఏసుకున్నడు. షట్టర్ సగం గుంజి బైకు బయటికి తీసిండు.

"తుర్కయంజాల్ల గ్రౌండ్ ఏడ?"

"తెలవదన్నా. రోడ్డుకు కనపడతదంట."

"ఎన్నింటికి మళ్తరు?"

"ఎండ ఎక్కకముందే. పదకొండున్నరకు."

గోడ మీద గడియారంలో పదకొండూ ఇరవై.

"సాయికి చెయ్యి. ఎత్తేదాక చెయ్యి. గా సీట్ల ఎవర్నీ కూచోబెట్టొద్దు, బండి తియ్యొద్దు, నేనొస్తున్న అని చెప్పు. ఆయనను తిట్టుడు తర్వాత పెట్టుకో."

బైకు సందు మలుపు తిరిగింది.

చేసిన. మోగి మోగి ఆగిపోయింది. పిల్లలు ఎక్కినంక ఆయన ఫోన్ సైలెంట్‌లో పెట్టి డ్యాష్‌బోర్డు లోపల ఏస్తడు, మళ్ళ ఇల్లు చేరేదాక తియ్యడు. అందరు డ్రైవర్లు అట్ల చెయ్యరు, నా మొగడు చేస్తడు, అని నేనే నలుగురికి గొప్పగ చెప్పుకున్న. మళ్ళ చేసిన. మళ్ళ. టీచర్ నంబర్ నా దగ్గర లేదు. టీచర్ నంబర్ సింధూరక్క దగ్గర ఉంటది.

ఆమెకు చేయాలె. ఆమెకు చేస్తే చెప్పాలె.

సాన్విక నా కొంగు పట్టుకుని, "అమ్మా, ఇంటికి పోదామా?" అని అడిగింది. నా బిడ్డ నా పక్కన నిలబడి ఉంది, ఏ దెబ్బా లేకుండ. దాన్ని చూస్తే నాకు సిగ్గేసింది.

ఫోన్ చేసిన. మొదటి రింగుకే ఎత్తింది.

"అక్కా, సాన్వికకు కడుపునొప్పి లేదు."

"మరి?"

చెప్పిన. బోల్టు గురించి, లేసు గురించి, నేను ఆపుకున్న సంగతి గురించి. మధ్యల ఆగితే మళ్ళ చెప్పలేనని ఊపిరి తీసుకోకుండ చెప్పిన. ఆమె తిడుతదని, ఏడుస్తదని ఎదురు చూసిన. వాళ్ళ వంటింట్లో కుక్కర్ కూత మాత్రం వినపడింది, ఒకటి, రెండు. దాన్ని ఆపడానికి ఎవరూ పోలేదు.

"అక్కా, టీచర్ నంబర్..."

లైన్ తెగిపోయింది. మళ్ళ చేస్తే బిజీ వస్తున్నది. టీచర్‌కే చేస్తున్నదో, వాళ్ళాయనకు చేస్తున్నదో నాకు తెలవదు. మా ఆయనకు మళ్ళ చేసిన. మోగింది. ఆగిపోయింది. గడియారంలో పదకొండూ ముప్పై నాలుగు.

సాగర్ రోడ్డు మీద ఇల్లున్నోళ్ళు, దుకాణం ఉన్నోళ్ళు, బస్సు కోసం నిలబడ్డోళ్ళు మీలో ఎవరన్న ఉంటే, మీకు దండం పెడతా. తుర్కయంజాల్ దిక్కు నుంచి ఎల్బీనగర్‌కు ఒక తెల్ల స్కూలు వ్యాన్ వస్తది. చెయ్యి అడ్డం పెట్టి ఆపండి. డ్రైవర్ కోపం చేస్తే చెయ్యనియ్యండి, ఆయన చెడ్డోడు కాదు. డ్రైవర్ ఎనక వరసల, ఎడమ కిటికీ దగ్గర నీలం టోపీ పెట్టుకున్న బాబు ఉంటడు. బెల్టు పెట్టుకునే ఉంటడు, దాన్ని నమ్మకండి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతడు, అభిరామ్. వాడు బాగున్నడా, జర చూడండి.